తండ్రీ కూతుళ్ళ తూకం

“రెండో గుడ్డు నాకొద్దమ్మా. పిచ్చుకకి పెట్టు.”

కొడుకు పళ్ళెం పక్కకి జరిపేసరికి పెద్దావిడ మనసు చివుక్కుమంది. కొడుకు సిటీ బస్సు డ్రైవరు. సీట్లో కూర్చుంటే స్టీరింగు పొట్టకి ఆనేది. వీధిలోవాళ్ళు నవ్వుకున్నా ఆవిడ మాత్రం మురిసిపోయేది. భర్త పోయాక నాలుగిళ్ళలో అంట్లు తోమి, తాను పస్తులుండి పెంచిన బిడ్డ. ఆ పొట్ట ఆవిడ కష్టార్జితం.

అలాంటివాడు ఈమధ్య చక్కెర మానేశాడు, వేపుళ్ళు మానేశాడు, డిపోకి నడిచి వెళ్తున్నాడు.

వాడి కూతురిది ఇంకో తంతు. కాళ్ళూ చేతులూ పుల్లలు, వాటికి అతకని బానపొట్ట. బడికి వెళ్ళే వయసొచ్చినా చంకనెత్తుకునే పిల్లలా ఉంటుంది కనక పిచ్చుక అని పేరు. పుట్టినప్పట్నుంచీ తిన్నది ఒంటబట్టదు. తండ్రిని తగ్గమనీ, కూతుర్ని పెంచమనీ చెప్పింది ఒకే డాక్టరమ్మ. వారం వారం ఇద్దరూ కలిసి ఆసుపత్రికెళ్ళి బరువు చూపించుకొస్తారు.

“ఒకళ్ళని ఎండబెట్టడం, ఇంకొకళ్ళని మేపడం. ఇదేం వైద్యమే?” అంది ఆవిడ కోడలితో.

“డాక్టరమ్మకి తెలుసులెండి అత్తయ్యా,” అని కోడలు తప్పుకుంది.

పెద్దావిడ ఊరుకోలేదు. కొడుకు తాగే సూపులో ఎవరూ చూడకుండా గరిటెడు వెన్న కలపడం మొదలుపెట్టింది.

ఆ వారం కొడుకు బరువు తగ్గకపోగా పెరిగింది. ఇంటికొచ్చి బూట్లయినా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. కోడలు వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

“కిలో పెరిగితే కొంప మునిగిందా?”

“మళ్ళీ వెనక్కి పోయింది అత్తయ్యా.”

“ఏది?”

కోడలు కళ్ళు తుడుచుకుంది. కొడుకే లేచి వచ్చి సూపు గిన్నెలో వేలు పెట్టి చూశాడు. జిడ్డు అంటింది. కోప్పడలేదు.

“నీ చేతి తిండి తిని లావెక్కనివాళ్ళు లేరంటావుగా అమ్మా. ఏదీ, పిచ్చుకని లావు చేసి చూపించు.”

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఆవిడ నడుం బిగించింది. డాక్టరమ్మ చెప్పినట్టే కొంచెం కొంచెంగా, కాకిని చూపించి ఒక చెంచా, కథ చెప్పి ఇంకో చెంచా. పిచ్చుక కక్కుకుంటే మూతి తుడిచి మళ్ళీ మొదలుపెట్టేది. అక్కడ కొడుకు వాన పడుతున్నా నడక మానలేదు. బెల్టుకి కొత్త రంధ్రాలు పొడుచుకున్నాడు.

“ఈసారి తూకానికి నేనూ వస్తా,” అని బయల్దేరిందావిడ.

ముందు పిచ్చుక ఎక్కింది. తర్వాత తండ్రి. నర్సు నవ్వుతూ లోపలికి కేకేసింది. డాక్టరమ్మ వచ్చి స్వయంగా అంకె చూసి, కొడుకు చెయ్యి పట్టుకుని ఊపింది.

“మీకు కొవ్వు కరిగింది, పాపకి సత్తువొచ్చింది. సోమవారం వచ్చి ఇద్దరూ చేరిపోండి.”

“చూశావా నా చేతి మహిమ,” అని పెద్దావిడ తలెత్తుకుని అందరినీ కలయజూసింది. అంతలో అనుమానం వచ్చింది. “ఇద్దరూ బాగైతే మళ్ళీ చేరడమెందుకురా?”

కోడలు తల దించుకుంది. కొడుకు పిచ్చుకని భుజానికెత్తుకుని, ఎన్నడూ లేనంత నిటారుగా నిలబడ్డాడు.

“అడ్డుపడతావని నీకు చెప్పలేదమ్మా,” అంటూ తల్లి చెయ్యి తీసుకుని తన డొక్క మీద పెట్టుకున్నాడు.

“నా కాలేయంలో ముక్క తీసి దీనికి పెడతారు.”