ఏడో ట్యూన్‌లో ఖాళీ

"ఆపు! మళ్లీ తొందరపడ్డావ్," అన్నాడు గిటారిస్టు.

డ్రమ్స్ ముందు కూర్చున్న అమ్మాయి రెండు కర్రలూ ఒళ్లో పడేసుకుంది.

"ఇది ముప్ఫై ఒకటోసారి అన్నా. నా చేతులు నా మాట వినడం మానేశాయి."

పదిహేనేళ్లు రాక్ బృందంలో గాయకుల వెనక నిలబడి వాయించిన గిటారిస్టు, మొదటిసారి తన పేరుతో చేస్తున్న ఆల్బమ్ అది. జాజ్‌ని రాక్‌తో కలిపే జాజ్ ఫ్యూజన్. అంతా వాద్యాలే, మాటన్నది ఉండదు.

ఆరు ట్యూన్లు అయిపోయాయి. ఏడోది మొండికేసింది.

"ఆరింటికి స్టూడియో ఖాళీ చేయాలి. అప్పటికి కాకపోతే ఏడోది తీసేసి మీ పాత పాటొకటి పెడతానంటున్నాడు ప్రొడ్యూసరు," అద్దం అవతలి నుంచి గుర్తుచేశాడు ఇంజనీరు.

"అది తీసేస్తే ఇంకెందుకీ ఆల్బమ్? దానికోసమే కదా మిగతా ఆరూ చేసింది!"

చిన్నప్పుడు మేనమామ ఇచ్చిన క్యాసెట్‌లోని ట్యూన్ అది. మధ్యలో డ్రమ్స్ ఉన్నట్టుండి ఆగిపోయి, ఊపిరి బిగబట్టినంతసేపు ఖాళీ వదిలి, మళ్లీ అందుకుంటాయి; అమ్మాయి ఎన్ని అంకెలు లెక్కపెట్టినా తప్పుతున్నది అక్కడే. ఆ ఖాళీ విన్న రోజే అతను గిటార్ నేర్చుకోవాలనుకున్నాడు. క్యాసెట్ అట్ట మీద రికార్డు చేసిన తేదీ ఉంది. వాయించినవాళ్ల పేర్లున్నాయి. డ్రమ్మరు పేరు మాత్రం లేదు.

ఇంతలో ఆంప్లిఫయర్ గుర్రుమంది.

"మూలిగే నక్క మీద తాటిపండు! పిలవండి మెకానిక్‌ని," అన్నాడు గిటారిస్టు.

వచ్చినాయన డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. వెనక పలక విప్పి, జానెడు కర్రముక్కతో లోపలి గాజు వాల్వులను ఒక్కొక్కటే తడుతూ, ఏది గుర్రుమంటోందో చెవి ఒగ్గి వింటున్నాడు.

"తాతగారూ, దరువు భలే ఉందే! నా బదులు కూర్చోండి," అంది అమ్మాయి.

"ఈ చేతులకి వాల్వులే ఎక్కువ తల్లీ," నవ్వాడాయన.

గిటారిస్టు క్యాసెట్ మళ్లీ పెట్టాడు. ఖాళీ దగ్గర మెకానిక్ చేయి కూడా ఆగింది.

"బాబూ, ఒక్క మాట. అక్కడ లెక్కపెట్టకండి. అక్కడ కర్ర విరిగింది. కర్ర విరిగినవాడు అంకెలు లెక్కపెట్టడు, ఇంకో కర్ర కోసం తడుముకుంటాడు."

గిటారిస్టు మొహం ఎర్రబడింది.

"పెద్దాయనా, అది పొరపాటు కాదు. ఒక గొప్పవాడు ఆలోచించి వదిలిన ఖాళీ. ఆయనెవరో తెలిస్తే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను. మీకేం తెలుసు? మీరు డబ్బా బాగుచేయండి, చాలు!"

మెకానిక్ తన చేతిలోని కర్రముక్కను కాసేపు చూసుకుని, వదులైన వాల్వుకు దన్నుగా దాన్ని లోపల దూర్చాడు.

"కొత్త వాల్వు దొరికేదాకా దీన్ని తీయకండి. ఈ పూటకి గుర్రుమనదు."

చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్లిపోయాడు.

ఐదున్నరయింది. ముప్ఫై ఎనిమిదోసారీ కుదరలేదు.

"అన్నా, ఒక్కసారి ఆ తాతగారు చెప్పినట్టు..."

"నీ ఇష్టం. ఎలాగూ మునిగాం!"

ఆ చోటు రాగానే అమ్మాయి ఒక కర్రను వెనక్కి విసిరేసింది. కింద ఉన్న సంచిలో తడుముకుని, ఇంకోటి దొరకబుచ్చుకుని అందుకుంది.

అద్దం అవతల ఇంజనీరు లేచి నిలబడ్డాడు.

ట్యూన్ ముగిసింది. ఖాళీ అచ్చం క్యాసెట్‌లో లాగే పడింది.

"ఆ పెద్దాయన ఏరి?" అడిగాడు గిటారిస్టు.

"అప్పుడే వెళ్లిపోయాడు కదా. మామూలుగా వచ్చే మెకానిక్‌కి జ్వరమట, బదులొచ్చాడు. పేరు కూడా అడగలేదు," అన్నాడు ఇంజనీరు.

ఆరు కొట్టింది. సామాను సర్దుతూ గిటారిస్టు ఆంప్లిఫయర్ ఆపి, లోపలి కర్రముక్కను మెల్లగా బయటికి లాగాడు.

ఒక కొస నున్నగా, రెండో కొస పెచ్చులు లేచి ఉన్న ఆ విరిగిన డ్రమ్ కర్ర మీద, వెలిసిపోయిన సిరాతో, చిన్నప్పటి నుంచీ అతనికి కంఠతా వచ్చిన ఆ క్యాసెట్ అట్ట మీది తేదీయే రాసి ఉంది.