అమ్మ ఒప్పుకుంటేనే

డ్రైవింగ్ మాస్టారు తన కారు మీది పేరును గోటితో గీకుతున్నాడు. స్టిక్కరు ఒక పట్టాన ఊడి రావడం లేదు. ఎండకీ వానకీ ఊడకూడదని, అంటించిన రోజున షాపువాణ్ని పోరింది తనే.

"పేరు తీసేస్తే నేర్చుకునేవాళ్లు వస్తారా?" అంది భార్య గుమ్మంలో నిలబడి.

"పేరు చూసి వెనక్కి తగ్గేవాళ్లు తగ్గరు కదా."

"కారెక్కాక అడుగుతారుగా, మీ పేరేంటని."

మాస్టారు గీకడం ఆపలేదు.

ఆమె చేతిలో బకెట్టూ బ్రష్షూ ఉన్నాయి. పొద్దున లేచేసరికి వీధి తలుపు మీద ఎవరో ఎర్రరంగుతో రాసిపోయారు, మీ దేశం పొండి అని. మొదటిసారి రాసినప్పుడు ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. ఇప్పుడు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. అంట్లు తోమినట్టు తలుపు తోముతోంది.

స్కూలుకి బయల్దేరిన కూతురు ఆ అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"మన దేశం ఏదమ్మా?"

"ఇదే."

"మరి ఎక్కడికి పొమ్మంటున్నారు?"

"కబుర్లు చాలు. బూట్లు వేసుకో."

నేర్చుకునేవాళ్లు ఒక్కొక్కరే మొహం చాటేశారు. ఒకావిడ మాత్రం మర్యాదగా ఫోన్ చేసింది. "మీరు మంచివారే మాస్టారూ, మా ఇంట్లోవాళ్లే ఒప్పుకోవడం లేదు," అంది. ఆవిడకు బండి వెనక్కి తీయడం ఇంకా సరిగా రాదు. ఎవరి గోడకు గుద్దుతుందోనని మాస్టారికి ఆ దిగులొకటి.

ఆ మధ్యాహ్నం బావమరిది వీడియో ఫోన్ చేశాడు. భార్యాపిల్లలతో విదేశం వెళ్లి కుదురుకున్నాడు. ఫోన్ ఎత్తిపట్టుకుని తన వీధంతా చూపించాడు.

"వచ్చేయండి బావా. అదిగో, మసీదు. నెత్తిన టోపీ పెట్టుకుని నడిచి వెళ్తుంటే ఒక్కడు తిరిగి చూడడు. ఎవరి గొడవ వాళ్లది. పిల్లకైనా ఒక దారి చూపించండి."

మాస్టారు మసీదు చూడలేదు. మలుపు తిరిగి వస్తున్న లారీని చూశాడు. కుడికాలితో నేలను గట్టిగా అదిమాడు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని తనవైపు బ్రేకు తొక్కీ తొక్కీ పట్టుబడిన అలవాటు అది.

"ఇంట్లో బ్రేకు లేదండీ," అంది భార్య.

ఒకప్పుడైతే ఆ మాటకు ఇల్లంతా నవ్వేది.

"మాదేముందిరా, మేం సిద్ధమే," అన్నాడు మాస్టారు ఫోన్లో. "అమ్మ ఒప్పుకోవాలి."

తల్లిని వదిలి మాస్టారు గడప దాటడు. తల్లేమో భర్తను ఈ ఊరి మట్టిలో దాచుకుంది. ప్రతి శుక్రవారం వెళ్లి, దువా చేసి, సమాధి చుట్టూ మొలిచిన గడ్డి పీకి, ఇంటి సంగతులన్నీ పూసగుచ్చినట్టు ఆయనకు చెప్పి వస్తుంది. అలాంటి మనిషిని కదిలించడం ఎలాగో ఆ మొగుడూపెళ్లాలకు పాలుపోలేదు. ఆవిడ రానంటే, అందరూ ఈ తలుపు కడుక్కుంటూ ఇక్కడే పడి ఉండాలి.

సాయంత్రం నానమ్మ నమాజుకు చాప పరిచింది. ఎప్పటిలాగే తప్పుగా, బీరువా వైపు. ఎప్పటిలాగే మనవరాలు వచ్చి దాన్ని మక్కా దిక్కుకి, కిటికీ వైపు తిప్పింది.

"నానమ్మా, అటు కాదు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నాకు తెలుసే. నా కాళ్లకే తెలియడం లేదు."

నమాజు అయ్యేదాకా మాస్టారు గదిలో అటూ ఇటూ తిరిగాడు. తర్వాత తల్లి ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, బావమరిది రమ్మంటున్నాడు. అందరం వెళ్లిపోదామని... అంటే, నువ్వు ఊ అంటేనే. నాన్నను ఇక్కడ వదిలి రావాలంటే నీకు..."

"ఆయన్ను పెట్టెలో పెట్టుకుపోలేం కదా," అంది ఆవిడ తస్బీ పూసలు తిప్పుతూ. గొంతులో ఏ బాధా లేదు. "బయల్దేరడం ఎప్పుడు?"

ఆవిణ్ని బతిమాలడానికి మొగుడూపెళ్లాలు కూడబలుక్కున్న మాటలన్నీ అక్కర్లేకుండా పోయాయి. మాస్టారికి గుండెల మీంచి బరువు దిగినట్టు ఉండాలి. ఏమీ అనిపించలేదు.

నానమ్మ లేచి చాప మడిచింది. కోడలికి పనులు పురమాయించడం మొదలుపెట్టింది.

"ఫొటోలు ఫ్రేముల్లోంచి ఊడదియ్యమ్మా. అద్దాలు బరువు. గిన్నెలు ఒక్కటి కూడా వద్దు, ఎక్కడైనా గిన్నెలే. దుప్పట్లు మాత్రం వదలకు. కొత్తచోట నిద్ర పట్టదు, పాత దుప్పటి ఉంటే కాస్త నయం. ఇరుగుపొరుగు అడిగితే పెళ్లికి వెళ్తున్నామని చెప్పు."

"అలాగే అత్తయ్యా," అంది కోడలు. కుర్చీ ఎక్కి గోడ మీది ఫొటోలు దించసాగింది.

మాటలన్నీ విన్న మనవరాలు వచ్చి నానమ్మ ముందు చతికిలబడింది. నానమ్మ ఆ పిల్ల జడ విప్పి దువ్వెన అందుకుంది.

"నానమ్మా, అక్కడ బళ్లో నా పక్కన ఎవరైనా కూర్చుంటారా?"

"ఎందుకు కూర్చోరు? నీ పక్కన కూర్చోవాలని కొట్టుకుంటారు."

"మరి... అక్కడ ఎవరూ మనల్ని పొమ్మనరు కదా? నిజం చెప్పు."

"నిజంగానే అనరమ్మా," అంది నానమ్మ జుట్టు చిక్కు తీస్తూ, "మీ నాన్నను కడుపులో పెట్టుకుని నేను ఈ దేశంలో దిగిన రోజున మీ తాతయ్య నాకు అచ్చం ఇదే మాట చెప్పాడు."