ఎనిమిది చుక్కల నీళ్ళు

రోండా కెర్‌స్లేక్ కారు వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆల్విన్ ట్రెగియర్ ఆమె ఇంటి వెనక తలుపు తోశాడు. శనివారమంతా ఇంట్లో ఉండనని ఆమె క్లబ్బులో ఎవరితోనో అంటుంటే విన్నాడు. ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో ఆ వీధివాళ్ళకు పగటిపూట గడియ వేసే అలవాటు లేదు.

చేతిలో కటింగ్ ప్లేయరు, చంకలో మూత ఉన్న ఐస్‌క్రీం డబ్బా. ముప్ఫై ఏళ్ళు రేవులో పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషికి దొంగతనం ఇదే మొదలు.

హాల్లో గోడ పొడవునా సముద్రపు నీళ్ళ తొట్టి. దాని మధ్యలో ఊదారంగు పగడం, కొమ్మల కొసలు లేతాకుపచ్చ. రోండా దాన్ని చిన్న కొమ్మ నాటి పంతొమ్మిదేళ్ళుగా పెంచుతోంది. పగడాలు పెంచేవాళ్ళ క్లబ్బులో అందరూ దాన్ని రాణిగారు అంటారు. ఆల్విన్ బొటనవేలంత కొమ్మ పుటుక్కున విరిచి, డబ్బాలో వేసుకుని, వచ్చిన దారినే బయటపడ్డాడు.

అడిగితే రోండా ఇచ్చే మనిషే. ఇదివరకు రెండుసార్లు ఇచ్చింది కూడా. రెండూ ఆల్విన్ ఇంట్లో నెల తిరక్కుండానే తెల్లబడి చచ్చిపోయాయి. నీళ్ళు పరీక్షించాల్సిన రోజున ఆయన గాలం పట్టుకుని ఏ ఒడ్డునో కూర్చునేవాడు. రెండోది పోయినప్పుడు రోండా క్లబ్బులో అందరి ముందూ, "ఆల్విన్ నీళ్ళలో గులకరాయి కూడా బతకదు" అంది. సైన్సు టీచరుగా రిటైరైన మనిషి, వెనక బెంచీదాకా వినబడేలా అంది. ఇక ఆమె చేతి నుంచి ఏదీ పుచ్చుకోనని ఆల్విన్ శపథం చేశాడు. రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

దొంగసొత్తును రాయికి అతికించి తొట్టిలో పెట్టాడు. రెండో రోజుకే అది పాలిపోయింది. ఈసారి చస్తే ఇంకోటి అడిగే దిక్కు కూడా లేదు. అటక మీది పరీక్ష డబ్బా దించాడు. సీసాలో తీసిన తొట్టినీళ్ళు నీలం నుంచి పసుపుగా మారడానికి ఎన్ని మందుచుక్కలు పడితే నీళ్ళలో అంత క్షారం. ఎనిమిదైతే పగడానికి హాయి. తనకు ఐదు వచ్చింది. కంగారుపడి క్షారపు పొడి గుప్పెడు కలిపాడు. మర్నాడు పన్నెండు. కొమ్మ మరింత తెల్లబోయింది.

అప్పుడు గుర్తొచ్చింది, స్నేహంగా ఉన్న రోజుల్లో రోండా చెప్పిన మాట. పగడం తక్కువకు ఓర్చుకుంటుంది, ఎక్కువకు ఓర్చుకుంటుంది, ఊగిసలాటకు మాత్రం ఓర్చుకోదు.

ఇక ఆల్విన్ ఇల్లు కదల్లేదు. గాలం వేయడానికి రమ్మన్న మిత్రులకు నడుం పట్టేసిందని చెప్పాడు. పొడి ఆపి క్షారాన్ని మెల్లగా దిగనిచ్చాడు; దిగాక అక్కడే నిలబెట్టడానికి సున్నపు తేట తీసి, సన్నటి గొట్టంలోంచి చుక్కచుక్కగా తొట్టిలోకి జారవిడిచాడు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి చుక్కలు లెక్కపెట్టాడు. కాల్షియం చూశాడు, ఉప్పు చూశాడు. పది, తొమ్మిది, ఎనిమిది. ఆ తర్వాత రోజూ ఎనిమిదే. మూడోవారం కొమ్మ రంగు తిరిగి, కొసన తెల్లటి కొత్త చిగురు వేసింది. ఆల్విన్ వంటింట్లో ఒక్కడే రెండడుగులు చిందేశాడు.

ఆ మర్నాడే కబురు తెలిసింది. రాణిగారి కొమ్మ ఎవరో విరిచారట. రోండా పరీక్ష డబ్బా పట్టుకుని క్లబ్బువాళ్ళ ఇళ్ళన్నీ తిరుగుతోందట. దొంగ ఎవరో నీళ్ళే చెబుతాయంటోందట.

ఆదివారం ఉదయం ఆమె ఆల్విన్ గుమ్మంలో నిలబడింది. ఒక చేతిలో పరీక్ష డబ్బా, ఇంకో చేతిలో కొబ్బరి కేకులు.

"టీ ఇస్తావా, టీచరమ్మ మీద ఇంకా కోపమేనా?"

ఆల్విన్ అప్పటికే కొమ్మను ఓ పెద్ద రాయి వెనక దాచాడు. ఆమె నీళ్ళు తీసి, చుక్కలు పైకి లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్ళీ చేసింది. ఎనిమిదే. కళ్ళజోడు పైనుంచి ఆయన్ని చూసింది.

"గులకరాళ్ళకు ఇంత మంచి నీళ్ళెందుకయ్యా?"

ఆల్విన్ ఇక దాచలేకపోయాడు. చెయ్యి తొట్టిలో పెట్టి కొమ్మను ముందుకు జరిపాడు.

"పోలీసులకు చెబుతావో, క్లబ్బులో చెబుతావో నీ ఇష్టం రోండా. పట్టుకెళ్ళు. బతికే ఉంది."

"ఎక్కడికి పట్టుకెళ్ళను? తల్లి పగడం పోయింది. పది రోజులైంది."

ఆల్విన్ కుర్చీలో కూలబడ్డాడు. తన ప్లేయరే దాన్ని చంపిందనుకున్నాడు. రోండా ఆయన్ని అలాగే ఉండనిచ్చి, తీరిగ్గా ఒక కేకు తిని, అప్పుడు చెప్పింది. పంపు తీగ పైతొడుగు చిట్లి నీళ్ళలో రాగి కలిసిందట. ఆయన కొమ్మ విరవడానికి వారం ముందే ఆమెకు తెలుసట. రాగిని పగడం తట్టుకోదు. ఎన్నిసార్లు నీళ్ళు మార్చినా లాభం లేకపోయింది. కొత్త తొట్టి సిద్ధమయ్యాక ఈ కొమ్మలోంచి చిటికెనవేలంత ఇస్తే చాలు, రాణిగారు మళ్ళీ మొదలవుతారంది.

ఇప్పుడే సగం విరిచిస్తానన్నాడు ఆల్విన్. అంతలోనే ఏదో తట్టింది.

"తెలిసిన రోజే వచ్చి నా చేతిలో పెట్టుంటే సరిపోయేదిగా? శపథం గాడిద గుడ్డు, తీసుకునేవాణ్ణి."

"తీసుకునేవాడివే," అంది రోండా. "నేనిచ్చినవి రెండూ చంపావు ఆల్విన్, అందుకే ఈసారి కారు మలుపు దాటించి వచ్చి, నువ్వు దొంగిలించి వెళ్ళేదాకా పక్కింటి కిటికీలో కూర్చుని కాపలా కాశాను."