చుక్క తోడకుండా

నెలాఖరులోగా మీటరు తొమ్మిది లక్షల లీటర్లు చూపించాలి. అదీ చుక్క నీరు తోడకుండా.

ఈ ఉపాయం బ్యూటీ పార్లర్ ఆవిడకి చేతిలో హెయిర్ డ్రయ్యర్ ఉండగా తట్టింది.

ముందురోజే తమ్ముడు వచ్చి విషయం చెవిన వేసి వెళ్ళాడు. వాడు భూగర్భ జలాల ఆఫీసులో అటెండరు. ఊరి కింద నీళ్ళు అడుగంటుతున్నాయట. బోరున్న ప్రతివాళ్ళకీ ఇకమీదట ఏడాదికింత అని వాటా కట్టేస్తారట. ఈ ఏడాది, నెలాఖరులోగా మీటరులో ఎంత తిరిగితే దాన్నిబట్టే వాటా. ఎక్కువ వాడినవాళ్ళకి ఎక్కువ, తక్కువ వాడినవాళ్ళకి తక్కువ.

ఆవిడకి తన బోరు గుర్తొచ్చింది. కాలు విరిగి ఏడు నెలలు పార్లర్ మూసేసింది. మీటరు కదిలిందే లేదు. ఆ లెక్కన వచ్చే వాటాతో రోజుకి ముగ్గురి తలలు కడిగితే నాలుగో తల నురగతోనే ఇంటికి పోవాలి. ఇరవై ఏళ్ళ పార్లర్‌కి తాళం పడ్డట్టే.

మోటారు వేసి నీళ్ళు కాలవలోకి వదిలెయ్యమన్నాడు తమ్ముడు. దానికి మాత్రం ఆవిడకి మనసొప్పలేదు. నీళ్ళే లేవంటుంటే పారబోసేంత పాపిష్టిదాన్నా అని వాణ్ణి కసిరి పంపించింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ షట్టరు సగం దించి, మొగుడి చేత మీటరు విప్పించింది. ఆయన తన నీడకి తనే ఉలిక్కిపడే రకం. స్పానర్ రెండుసార్లు కాలిమీద పడేసుకున్నాడు. ఆవిడ మీటరుని బల్లమీద కూర్చోబెట్టి, కస్టమరుకి చుట్టినట్టే చుట్టూ తువ్వాలు చుట్టి, నోట్లో డ్రయ్యర్ పెట్టింది. లోపల చక్రం గిర్రున తిరిగింది. అంకెలు పరుగందుకున్నాయి.

"ఇది దొంగతనం కాదంటావా?" అన్నాడాయన, షట్టరు కేసి చూస్తూ.

"ఏం దొంగిలించామండీ? గాలేగా."

మూడు వారాలు అలా గాలి పోశారు. రెండు డ్రయ్యర్లు కాలిపోయాయి. మూడోది కొందామంటే బజారంతా తిరిగినా దొరకలేదు. మండుటెండల్లో జనం డ్రయ్యర్ల మీద ఎందుకు పడ్డారో తనకీ అర్థం కావడం లేదన్నాడు కొట్టాయన. పోనీ పక్క వీధి పంక్చర్ షాపతన్ని కంప్రెసర్ అడిగితే, నెలాఖరుదాకా ఖాళీ లేదన్నాడు. షాపులో చూస్తే ఒక్క సైకిలూ లేదు. చివరికి చెల్లెలి డ్రయ్యర్ బతిమాలి తెచ్చుకుని, ఆఖరి రోజు సాయంత్రానికి తొమ్మిది లక్షలూ పూర్తి చేశారు. అంకె కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చి వచ్చాక ఆవిడ హాయిగా ఊపిరి పీల్చుకుంది.

వారం తిరక్కుండానే మీటింగు పెట్టారు. హాల్లో నలభైమంది బోరు ఓనర్లు. ఆఫీసరు కళ్ళజోడు సవరించుకుని ఒక్కొక్కరి లెక్కా చదువుతున్నాడు. తన తొమ్మిది లక్షలు వినబడగానే ఆవిడ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది. ఆ తర్వాత ఇస్త్రీ షాపతనిది నలభై లక్షలన్నారు. జిరాక్స్ షాపుకి అరవై లక్షలు. పంక్చర్ షాపుకి కోటీ పది లక్షలు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మొగుడు చెయ్యి పట్టుకుని లాగుతున్నా ఆగకుండా లేచింది.

"పంక్చర్ షాపులో పొద్దస్తమానం ఒక్క టబ్బు నీళ్ళతో గడిచిపోతుంది సార్. కోటి లీటర్లు ఎక్కడ పోశాడో అడగండి."

పంక్చర్ షాపతను తాపీగా వెనక్కి తిరిగాడు.

"అడుగుదురుగానీ, ఏడు నెలలు మూసేసిన పార్లర్‌లో మీరు ఎవరి తలలు కడిగారో ముందు చెప్పండమ్మా."

ఆవిడ సాయం కోసం చుట్టూ చూసింది. ఒక్కరూ ఆవిడ కేసి చూడలేదు. జిరాక్స్ షాపతను గోళ్ళు చూసుకుంటున్నాడు. ఇస్త్రీ షాపతను సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. బజార్లో డ్రయ్యర్లన్నీ ఎటు పోయాయో ఆవిడకి అప్పుడు వెలిగింది. మెల్లగా కూర్చుంది.

"గొడవలొద్దు. నేనెవర్నీ అనుమానించడం లేదు," అన్నాడు ఆఫీసరు నలభై కాగితాలూ ఒక దగ్గరికి సర్దుతూ. "ప్రతి చుక్కా మేమే తోడామని మీ అంతట మీరే సంతకాలు పెట్టారు."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. పార్లర్ ఆవిడైతే చిరునవ్వు కూడా నవ్వింది.

"కాకపోతే మన ఊరి కింద ఉన్న నీళ్ళకి మీరు తోడింది సరిగ్గా మూడింతలు. అంటే రెండింతలు పక్క ఊరివి. వాటాల సంగతి తర్వాత చూద్దాంగానీ, నీళ్ళ దొంగతనం కేసు పెట్టి ఆ ఊరివాళ్ళు పోలీసుల్ని వెంటబెట్టుకొచ్చారు, ముందు వరసలో వాళ్ళు లేవండి."