నెల రోజుల శిక్షణ

"ఆటోకి ఏ లైసెన్సు కావాల బాబూ?" చేపల గంప గుమ్మం బయట దించి అడిగింది చిన్నమ్మలు.

త్రినాధరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. అనకాపల్లిలో డ్రైవింగ్ స్కూలు తెరిచి పన్నెండేళ్లయింది గానీ, చేపలమ్మే ముసలావిడ వచ్చి ఇలాంటి ప్రశ్న వేయడం ఇదే మొదలు.

"ఆటోకి ఆటో లైసెన్సు చాలు మామ్మా. ఎవరికి, మనవడికా?"

"కారుకో?"

"పద్దెనిమిదేళ్లు నిండాలి, టెస్టు పాసవ్వాలి."

"లారీకో? స్కూలు బస్సుకో?"

"వాటికి హెవీ లైసెన్సు. ఇరవయ్యేళ్లు నిండాలి. కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటాలి. కళ్లు బాగున్నాయని డాక్టరు రాసివ్వాలి. మాలాంటి స్కూల్లో నెల రోజులు పెద్ద బండి నడపడం నేర్చుకుని సర్టిఫికెట్ తెచ్చుకోవాలి."

ఒక్కో షరతుకీ చిన్నమ్మలు చీరకొంగుకి ఒక్కో ముడి వేసుకుంటోంది. నాలుగు ముళ్లయ్యాయి. అప్పుడు పెరట్లో ఉన్న లారీ వైపు చూసింది. దానికి 'ఎల్' బోర్డు ఉంది, బోర్డు కింద మేక పడుకుని ఉంది. టైర్లు సగం మట్టిలో కూరుకుపోయాయి.

"ఆ లారీ మీదేనా నేర్పుతారు?"

"దాని మీదే. బ్యాటరీ మార్చాలి, అంతే."

త్రినాధరావుకి గుండెల్లో రాయి పడింది. ఈమధ్య తనిఖీ అధికారులు మామూలు మనుషుల్లా వేషం మార్చి వస్తున్నారని విన్నాడు. వంగి గంపలోకి తొంగి చూశాడు. కెమెరా ఏమీ లేదు, కానాగంత చేపలే ఉన్నాయి.

"నిన్నెవరు పంపేరు మామ్మా?"

"నన్నెవుడు పంపుతాడు బాబూ! నా బెంగే నన్ను పంపింది." రొంటిన దోపిన ప్లాస్టిక్ సంచిలోంచి జిరాక్సు కాగితాలు తీసింది. "నా మనవరాలు అమ్ములు సబ్బవరం రోడ్డులో స్కూలుకెల్తాది. పసుపు బస్సు. నలభై మంది పిల్లలు. నెల్రోజులై కొత్త డ్రైవరొచ్చేడు, ధనరాజని. నిన్న రైలు గేటు కాడ ముందుకెళ్లాల్సిన బస్సు ఎనక్కెళ్లిపోయింది. పిల్లలు సప్పట్లు కొట్టేరు. నేను కేకలేసేను."

"ఆ స్కూలా!" అన్నాడు త్రినాధరావు.

"నీకు లైసెన్సుందా అని రోజూ అడిగేను. ఇసుగెత్తి ఈ కాయితాలు నా మొకాన కొట్టేడు. నాకు సదువు రాదు. నువ్వు సూసి సెప్పు. బాగుంటే సరే, లేకపోతే రేపట్నించి పిల్లని నడిపించుకెల్తాను. ఆరు కిలోమీటర్లయినా సరే."

పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టయింది త్రినాధరావుకి. హుషారుగా కాగితాలు అందుకున్నాడు.

"వయసు ముప్పై. సరిపోయింది."

చిన్నమ్మలు ఒక ముడి విప్పింది.

"కారు లైసెన్సు పాతదే." రెండో ముడి విప్పింది. "డాక్టరు కాగితం ఉంది." మూడోది కూడా విప్పింది.

చివరి కాగితం దగ్గర త్రినాధరావు ఆగాడు. అందులో ఫొటో వంక చాలాసేపు చూశాడు. తనెన్నడూ చూడని మొహం. కింద ఉన్న గుండ్రటి ముద్ర మీద అతని బొటనవేలు నిలిచిపోయింది.

"నెల రోజులు నేర్సుకున్నాడా బాబూ?" కొంగు చివరి ముడి పట్టుకుని అడిగింది చిన్నమ్మలు.

త్రినాధరావు కాగితాలు మడిచి తిరిగిచ్చాడు. "నేర్చుకున్నాడనే రాసుంది మామ్మా. సంతకం ఉంది, ముద్ర ఉంది. అన్నీ సక్రమంగా ఉన్నాయి."

"సల్లటి మాట సెప్పేవు నాయినా!" చివరి ముడి కూడా విప్పేసింది చిన్నమ్మలు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. వద్దంటున్నా వినకుండా నాలుగు కానాగంతలు పేపరులో చుట్టి బల్ల మీద పెట్టింది. గంప నెత్తికెత్తుకుని, తేలిగ్గా అడుగులేస్తూ వెళ్లిపోయింది.

ఆమె సందు మలుపు తిరిగేదాకా చూసి, త్రినాధరావు భార్యకి ఫోన్ చేశాడు.

"లావణ్యా, రేపట్నించి మన బుజ్జిని స్కూలు బస్సెక్కించకు. నేనే బండి మీద దింపుతాను."

"ఏటయ్యింది? ఆ కొత్త డ్రైవరుకి సర్టిఫికెట్ లేదా?"

"ఉంది. ఇచ్చింది నేనే."