ఎండలో గాజుగోళం

నాకు పిల్లలు కలగలేదని మా అత్తమ్మ కనకమ్మ వికారాబాద్‌లో ఒక స్వామి దగ్గర్నుంచి గాజుగోళం తెచ్చింది. పొద్దెక్కాక ఎండలో కూర్చొని దాన్ని ఒళ్ళో పెట్టుకోవాలట. స్వామి మంత్రం చదివి దాని మీద నోటితో ఊది ఇచ్చాడట. ముట్టుకుంటే జిగట, ఒకటే చుట్ట కంపు.

నిన్న మా తాండూరు ఇంటి గడప దగ్గర, పక్కింటి ఆడవాళ్ళ ముందే, గోళం కింద నా చీర పొగ వచ్చి కాలింది.

"చూసిండ్రా? దీని కడుపుల దోషం ఉన్నది. గందుకే కాలింది" అంది అత్తమ్మ.

అందరూ నా పొట్ట వంకే చూశారు. గోళంలో వాళ్ళ ముఖాలు తలకిందులుగా కనబడ్డాయి. రోత పుట్టింది.

ఇవాళ అదే ఎండలో మా ఆయన నల్ల ప్యాంటు పరిచి, దాని మీద గోళం పెట్టాను. ఆడవాళ్ళు వచ్చేసరికి ప్యాంటుకు బొక్క పడింది.

"అత్తమ్మా, దోషం ఆయనకు గూడ ఉన్నదేమో" అన్నాను తల ఎత్తకుండా.

అత్తమ్మ గోళాన్ని లాక్కుంది. "పిచ్చిదానా, గుండ్రటి గాజు మీద ఎండ పడితే బట్ట కాలదా? భూతద్దం ఎన్నడు చూడలేదా? నా కొడుక్కు దోషమేంది?"

నిన్న నా చీర కాలినప్పుడు కూడా ఆమెకు ఆ సంగతి తెలుసన్నమాట.