బొమ్మలకు కుర్చీలు

“అచ్చం మా ఎదురు షాపువాడే! వాడి పొట్టను కూడా దింపేశారు సార్!” బట్టల షాపు ఓనరు తన పొట్ట పట్టుకుని మరీ నవ్వుతున్నాడు.

తగాదాకు సిద్ధపడి వచ్చిన కార్టూనిస్టు తెల్లబోయాడు. అతను గీసింది ఈ షాపునే, ఈ పొట్టనే. షోకేసు బొమ్మలు దర్జాగా కుర్చీల్లో కూర్చుంటే, సేల్స్ అమ్మాయిలు పొద్దస్తమానం నిలబడే ఉండే కార్టూన్ అది. ఓనరు దాన్ని పేపర్లోంచి కత్తిరించి ఫ్రేము కూడా కట్టించాడు.

“ఏమ్మాయ్, స్టూలెక్కి గోడకు తగిలించు. ఎదురు షాపువాడికి కనపడాలి!”

సేల్స్ అమ్మాయి చెప్పులు విప్పి స్టూలెక్కింది. ఆమె సుత్తితో మేకు కొడుతుంటే ఊగుతున్న స్టూలును కార్టూనిస్టు పట్టుకున్నాడు.

“ఇలాంటివి చూసి మనుషులు మారతారంటారా సార్?” మెల్లగా అడిగింది.

“మారకేం! నవ్విన ప్రతివాడూ ఎంతోకొంత మారతాడమ్మా,” అన్నాడతను, సన్మాన సభలో మాట్లాడుతున్నట్టు.

ఆమె పాదాలు సరిగ్గా అతని కళ్లెదుట ఉన్నాయి. చెప్పుల వార్లు దిగబడిన గుర్తులతో ఉబ్బిపోయాయి. కార్టూన్‌లో వాటిని నాజూగ్గా గీశాడు.

వెనక నుంచి ఓనరు మళ్లీ పగలబడి నవ్వాడు.

“అయితే మా ఓనరుగారు పొద్దుటి నుంచీ మారుతూనే ఉన్నారు సార్,” అంటూ ఆమె మేకు మీద ఇంకో దెబ్బ వేసింది.